ఆత్రంలో రెండు మాటలు

సింగపూర్‌లోని యీషున్‌కు రెండు పేర్లున్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ రబ్బరు, అనాస తోటలు వేయించిన లిమ్ నీ సూన్ పేరే ఈ ఊరికి వచ్చింది. ఆయన 1879లో సింగపూర్‌లో పుట్టి, 1936లో కన్నుమూశారు. ఆయన పేరులోని రెండు చైనా అక్షరాలను తియోచ్యూ యాసలో పలికితే నీ సూన్, మాండరిన్‌లో చదివితే యీషున్. కొత్త టౌన్ లేచాక మాండరిన్ పలుకుబడి ఊరికి స్థిరపడింది. పాత పలుకుబడి మిలిటరీ క్యాంపుకూ, ఒక రోడ్డుకూ, ఎన్నికల నియోజకవర్గానికీ మిగిలింది. రెండింటిలో ఏది అన్నా తప్పు లేదు, ఎవరికీ నష్టం లేదు.

ఇంగ్లీషులో కొన్ని జంట మాటల్ని కూడా మనం ఇలాగే వాడేస్తాం. ఒకటే మనిషికి రెండు పేర్లున్నట్టు, ఏది నోటికొస్తే అది. యాంక్షస్, ఈగర్ అలాంటి జంట. మూడొంతుల సందర్భాల్లో ఎదుటివాళ్లు సర్దుకుని అర్థం చేసుకుంటారు కాబట్టి తేడా మన దృష్టికి రాదు. మిగిలిన ఒక వంతులో మాత్రం మన గురించి మనం చెప్పదలచుకోనిది చెప్పేస్తాం. ఈ అధ్యాయం ఆ ఒక వంతు గురించి. ఇంకా ముఖ్యంగా, ఆ మాటల్ని వేరు చేయడం వచ్చాక మన లోపలి అలజడిని కూడా వేరు చేసి చూడడం ఎలా వస్తుందన్న దాని గురించి.

ఇక్కడి తెలుగు ఇళ్లలో తరచూ జరిగేదే చెప్తాను. ఇంటర్వ్యూ బాగా జరిగింది, వారమైనా కబురు లేదు. కంపెనీకి మర్యాదగా ఒక మెయిల్ పెడదామని తండ్రి కూర్చుంటాడు. చివరి వాక్యంగా 'ఐ యామ్ యాంక్షస్లీ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై' అని కొడతాడు. పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న కూతురు స్క్రీన్ వైపు చూస్తుంది.

'నాన్నా, నీకు భయంగా ఉందా?'

'భయమెందుకే? జవాబు కోసం ఎదురుచూస్తున్నానని రాశాను.'

'మరి యాంక్షస్ అన్నావుగా. అంటే వర్రీ అవుతున్నావనే కదా.'

ఆ పిల్ల చెప్పింది నిజం. సింగపూర్ బళ్లో ఇంగ్లీషులోనే లెక్కలూ సైన్సూ చదివే పిల్లకు ఆ మాట తాకగానే భయం వినిపిస్తుంది. మెయిల్ అందుకున్న మనిషికీ అదే వినిపిస్తుంది. తండ్రి మనసులో ఉన్నది మాత్రం ఉత్సాహం, కాస్త తొందర. అంతే.

ఇందులో తండ్రి ఇంగ్లీషును తప్పు పట్టడం అన్యాయం. కారణం ఆయన తెలుగులో ఉంది.

మనకు ఆత్రం అనే ఒక పెద్ద మాట ఉంది. పండక్కి అమ్మమ్మ వస్తోందంటే పిల్లలకు ఆత్రం. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాళ్లదీ ఆత్రమే. అభిమాన నటుడి సినిమా కోసం ఆత్రుతగా చూస్తున్నారని రాసే పత్రికే, గల్లంతైన జాలర్ల కోసం కుటుంబాలు ఆత్రుతగా ఎదురుచూస్తున్నాయనీ రాస్తుంది. మనకు రెండూ సహజంగానే వినిపిస్తాయి. సందర్భం చూసి మనసు అర్థాన్ని సర్దుకుంటుంది.

ఈ మాటకు మూలమైన సంస్కృత పదం 'ఆతుర'. దానికి జబ్బుపడిన, బాధపడుతున్న అని అర్థం. ఆయుర్వేదంలో ఆతురుడంటే రోగి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు హడావుడిగా తీసుకునే సన్న్యాసాన్ని ఆతుర సన్న్యాసం అంటారు. రోగి నిలకడ లేకుండా పక్క మీద అటూ ఇటూ దొర్లినట్టు, ఏదో కావాలని నిలవలేకపోవడం తెలుగులో ఆత్రమైంది. (ఋకారం పెట్టి ఆతృత అని రాయడం పత్రికల్లో స్థిరపడిపోయింది గానీ, మూలం చూస్తే ఆతురత.) 'ఆత్రగాడికి బుద్ధి మట్టు' అన్న సామెతలోని ఆత్రం ఏ రకమో ఎవరూ అడగరు. భయంతో తొందరపడినా, ఆశతో తొందరపడినా బుద్ధి తగ్గుతుందనే పెద్దల ఉద్దేశం.

ఒకే మాటలో రెండు భావాలు పెట్టుకున్న భాష నుంచి, రెండు మాటలున్న భాషలోకి వెళ్లినప్పుడు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆత్రం అనుకుని చెయ్యి చాపితే ముందుగా యాంక్షస్ తగులుతుంది. అది కాస్త పెద్దమాటలా, ఉత్తరాలకు తగ్గ మాటలా కనిపిస్తుంది మరి.

గొంతు నులిమే మాట

యాంక్షస్ లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో 'ఆంగెరె' అంటే నులమడం, బిగించడం, ఊపిరాడకుండా చేయడం. దాని నుంచి 'ఆంక్సియుస్' పుట్టింది, అది పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులో చేరింది. అంటే ఈ మాట మొదట మనసు గురించి కాదు, గొంతు గురించి. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నప్పుడు గొంతు ఎండిపోయి మింగుడు పడకపోవడం అనుభవించినవాళ్లకు దీన్ని ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

దీని బంధువులు చాలామంది. తీవ్రమైన వేదనకు వాడే యాంగ్విష్, జర్మన్లు భయానికి వాడే ఆంగ్స్ట్, ఇద్దరూ ఇదే కుటుంబం. కోపానికి వాడే యాంగర్ కూడా. అది పాత స్కాండినేవియా భాషలో దుఃఖం అనే అర్థంతో బయలుదేరి, ఇంగ్లీషులో కోపంగా మారింది. ఛాతీని ఎవరో పట్టి పిండుతున్నట్టు వచ్చే నొప్పిని డాక్టర్లు ఆంజైనా అంటారు, అదీ ఇంటివాడే. యీషున్ చెరువు పక్కన 2010లో తెరిచిన ఖూ టెక్ పువాట్ ఆసుపత్రిలో గుండె డాక్టరు ఆంజైనా అని రాసినా, మనసు డాక్టరు యాంగ్జైటీ అని రాసినా, వేరు ఒకటే. (విశేషణాన్ని పలికేటప్పుడు 'యాంక్షస్', నామవాచకాన్ని పలికేటప్పుడు 'యాంగ్జైటీ'. నడుమ ఉన్న హల్లు మారుతుంది. మన వాళ్లు తరచూ రెండింటినీ కలిపి 'యాంగ్జియస్' అంటారు.)

నాకు అన్నిటికన్నా ఇష్టమైన బంధువు మన దగ్గరే ఉన్నాడు. పురాణ పద్యాల్లో పాపానికి 'అంహస్సు' అనే మాట కనిపిస్తుంది. వేదకాలంలో దానికి ఇరుకు, ఆపద అనే అర్థాలుండేవి. దాని తోటి మాట 'అంహు' అంటే ఇరుకైన అనే. ఋగ్వేదపు ఋషులు దేవతల్ని అంహస్సు నుంచి విడిపించమనీ, విశాలమైన చోటు ఇమ్మనీ అడుగుతారు. వాళ్లకు కష్టమంటే ఇరుకు, సుఖమంటే వైశాల్యం. భాషా శాస్త్రవేత్తలు ఈ అంహస్సునూ లాటిన్ ఆంగెరెనూ ఒకే పూర్వరూపం నుంచి వచ్చినవిగా చూపిస్తారు.

తెలుగు కూడా సొంతంగా ఇదే దారిలో నడిచింది. ఇరుకు నుంచి ఇరకాటం వచ్చింది. ఇబ్బందిలో పడినవాణ్ణి 'ఇరుకున పడ్డాడు' అంటాం. కష్టానికి వాడే సంకటం కూడా సంస్కృతంలో ఇరుకైనది అనే అర్థం ఉన్న మాటే. భయంలో మనిషి శరీరం ఎక్కడైనా ఒకేలా బిగుసుకుంటుంది కాబట్టి, భాషలు వేరైనా ఊహ ఒకటైంది.

మరి ఇంత భయం నిండిన మాటకు 'ఎంతో కోరికగా' అనే అర్థం ఎలా అంటుకుంది? పద్దెనిమిదో శతాబ్దం నడుమ ఇంగ్లీషు రచయితలే అలా వాడడం మొదలుపెట్టారు. ఒకటి జరగాలని గట్టిగా కోరుకునేవాడికి అది జరగదేమోనన్న బెంగ కూడా ఉంటుంది కదా, ఆ సందులోంచి అర్థం జారింది. అమెరికాలో కొందరు దీన్ని ఒప్పుకోలేదు. కథకుడు ఆంబ్రోస్ బియర్స్ 1909లో వెలువరించిన భాషా నియమాల పుస్తకంలో ఈగర్ అనాల్సిన చోట యాంక్షస్ అనడాన్ని తప్పుగా పెట్టాడు. నిఘంటువులు ఆయన మాట వినలేదు, ఈ రోజుకీ రెండర్థాలూ ఇస్తున్నాయి. కాబట్టి ఆ తండ్రి రాసిన వాక్యం వ్యాకరణం ప్రకారం తప్పని ఎవరైనా అంటే, నిఘంటువు ఆయన పక్షానే నిలుస్తుంది.

అయినా మార్చుకోమంటాను. ఎందుకంటే ఇరవయ్యో శతాబ్దం ఈ మాటను మళ్లీ దాని మూలం వైపు లాక్కెళ్లింది. డెన్మార్క్ తాత్వికుడు కీర్కెగార్డ్ 1844లోనే ఈ భావం మీద ఒక పుస్తకం రాశాడు. తర్వాత ఫ్రాయిడ్ జర్మన్‌లో ఆంగ్స్ట్ అన్నదాన్ని అనువాదకులు ఇంగ్లీషులో యాంగ్జైటీ చేశారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథం మూడో ముద్రణలో రకరకాల యాంగ్జైటీ జబ్బులకు విడివిడిగా పేర్లు పెట్టింది. ఈ రోజు బడిలో కౌన్సెలర్, ఆఫీసులో హెచ్‌ఆర్, క్లినిక్‌లో నర్సు, అందరి నోటా ఈ మాట వైద్యపు వాసనతోనే వినిపిస్తుంది. మన తాతలు అర్జీల్లో రాసిన యాంక్షస్ వేరు, మన పిల్లలు వింటున్న యాంక్షస్ వేరు. మాట వినేవాళ్ల చెవిలో బతుకుతుంది.

పదునెక్కిన మాట

ఈగర్ పుట్టుక వంటింటికి దగ్గరగా ఉంటుంది. పాత ఫ్రెంచిలో 'ఎగ్ర్' అంటే పుల్లని, ఘాటైన. వినెగర్ అనే మాటలో రెండో సగం అదే. ఫ్రెంచిలో 'వెన్ ఎగ్ర్' అంటే పులిసిన ద్రాక్ష సారా. ఇంకా వెనక్కు వెళితే లాటిన్ 'ఆకెర్', అంటే పదునైన, కోసుకుపోయే. పదమూడో శతాబ్దం చివర ఇంగ్లీషులో చేరినప్పుడు ఈగర్‌కు పులుపు, ఘాటు, ఉగ్రత్వం, పట్టుదల అన్నీ ఉండేవి.

షేక్‌స్పియర్ నాటికి కూడా ఆ పులుపు పోలేదు. హామ్లెట్ నాటకంలో కోట గోడ మీద కొరికేసే చలిగాలికి ఈగర్ అనే విశేషణం వాడతారు. అదే నాటకంలో చనిపోయిన రాజు ప్రేతం, తన ఒంట్లోకి విషం పాకగానే రక్తం ఎలా గడ్డకట్టిందో చెబుతూ, పాలలో పులుపు చుక్కలు పడ్డప్పుడు అవి విరిగిపోవడాన్ని గుర్తు చేస్తుంది. అక్కడ పులుపుకు వాడిన మాట కూడా ఈగరే. నాలుక మీద జివ్వుమనే ఆ గుణమే తర్వాత మనసుకు పాకింది. మొద్దుబారకుండా, ఒక దాని వైపు మొనదేలి ఉండడం ఈగర్ అయింది.

ఈ కుటుంబం కూడా పెద్దదే. యాసిడ్, అక్యూట్ ఇక్కడివే. యీషున్ ఫ్లాట్ల కింద చైనా వైద్యశాలల బోర్డుల మీద కనిపించే అక్యుపంక్చర్‌లో మొదటి భాగం లాటిన్ సూది, దానిదీ అదే వేరు. మన వైపు బంధువు సంస్కృతంలోని 'అశ్రి', అంటే అంచు, కోణం. నాలుగు కోణాలున్నది చతురస్రం. బడిలో పిల్లవాడు చతురస్రం గీసినప్పుడల్లా ఈగర్‌కు దూరపు చుట్టాన్ని కాగితం మీద పెడుతున్నాడన్నమాట.

తెలుగు మాట చురుకు కూడా ఇదే నడక నడిచింది. ఎండ చురుక్కుమంటుంది, నిప్పురవ్వ పడితే చురుక్కుమంటుంది. చురుకైన పిల్లవాడు అన్నప్పుడు ఆ మంటే ప్రశంస అయింది. ఈగర్ లర్నర్ అని టీచరు రిపోర్టులో రాస్తే, దాన్ని మన ఇంట్లో అమ్మమ్మకు చెప్పడానికి 'చదువంటే చురుకు' అన్నంత దగ్గరి మాట మరొకటి నాకు తట్టదు.

ఒక హెచ్చరిక. మూలం మాటకు జాతకం కాదు. లాటిన్‌లో గొంతు నులమడం అని ఉంది కాబట్టి ప్రతి యాంక్షస్‌లోనూ ఉరి ఉన్నట్టు ఊహించుకోనక్కర్లేదు. మూలం తెలిస్తే గుర్తు పెట్టుకోవడం తేలిక, అంతవరకే. ఒకటి బిగుస్తుంది, ఒకటి మొన తేలుతుంది అన్న రెండు బొమ్మలు మనసులో నిలిస్తే చాలు.

వాక్యంలో

వాడేటప్పుడు నేను చెప్పే పరీక్ష ఇది. ఆ చోట వర్రీడ్ అని పెట్టి వాక్యం చదవండి. అర్థం నిలిస్తే యాంక్షస్ సరైన మాట. నిలవకపోతే మీకు కావలసింది ఈగర్. 'నా బిడ్డ పరీక్ష గురించి వర్రీడ్' నిలుస్తుంది. 'మీ టీమ్‌లో చేరడానికి వర్రీడ్' నిలవదు.

రెండో ఆనవాలు, ఆ మాట పక్కన ఏముంటుందన్నది. 'అబౌట్' వస్తే యాంక్షస్ ఒక్కటే అతుకుతుంది. 'ఈగర్ అబౌట్' అని ఇంగ్లీషువాళ్లు సాధారణంగా అనరు. 'టు' గానీ 'ఫర్' గానీ వచ్చినప్పుడే రెండూ పోటీ పడతాయి. అక్కడా రంగు మారుతుంది. 'ఈగర్ టు ప్లీజ్' అంటే ఎదుటివాళ్లను సంతోషపెట్టాలనే ఉబలాటం ఉన్న మనిషి. 'యాంక్షస్ టు ప్లీజ్' అంటే వాళ్లకు కోపమొస్తుందేమోనని బిక్కుబిక్కుమంటున్న మనిషి. కొత్తగా చేరిన ఉద్యోగి గురించి మేనేజరు ఈ రెండింటిలో ఏది రాశాడన్నది ఆ ఉద్యోగి జీతాన్నీ తాకవచ్చు. ఇంకొకటి, సమయానికీ సందర్భానికీ యాంక్షస్ అంటుకుంటుంది, ఈగర్ అంటుకోదు. యాంక్షస్ నైట్, యాంక్షస్ వెయిట్ ఉంటాయి. రాత్రికి భయం పులమొచ్చు గానీ ఉత్సాహం మాత్రం మనిషికే ఉండాలి.

సింగపూర్ ఆఫీసుల్లో మూడో మాట ఒకటి ఎక్కువగా వినిపిస్తుంది: కీన్. 'ఆర్ యూ కీన్?' అని భోజనానికి పిలిచినా అడుగుతారు, ప్రాజెక్టు ఇచ్చినా అడుగుతారు. పాత ఇంగ్లీషులో దానికి ధైర్యం గల అని అర్థం, పదును తర్వాత వచ్చింది. ఈగర్‌లో కొంచెం ముందుకు దూకే గుణం ఉంటుంది, కీన్‌లో నిబ్బరం ఉంటుంది. ఉద్యోగపు మెయిల్‌లో ఈగర్ ఒక్కసారి చాలు, రెండోసారి రాస్తే ప్రాధేయపడినట్టుంటుంది. చివరి వాక్యానికి చాలాసార్లు విశేషణమే అక్కర్లేదు. 'లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ' అంటే పని జరిగిపోతుంది.

భయానికి ఉత్సాహపు వేషం

ఇంతవరకూ మాట గురించి. అసలు చిక్కు మనిషిలో ఉంది. భయమే ఉత్సాహంలా కనిపించే సందర్భాలు మన జీవితంలో తక్కువేమీ కావు. దానికి ఈ దీవి ప్రజలు ఒక విశేషణాన్నే తయారు చేసి ప్రపంచానికి ఇచ్చారు: కియాసు. హొక్కియన్ అనే చైనా యాసలో 'కియా' భయం, 'సు' ఓటమి. ఓడిపోతానేమోనన్న భయం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 2007లో దాన్ని చేర్చుకుంది. ఇక్కడివాళ్లు 1990లో మిస్టర్ కియాసు పేరుతో కామిక్స్ పుస్తకాలు కూడా మొదలుపెట్టారు, తమ గుణాన్ని తామే గుర్తుపట్టి పేరు పెట్టుకోవడం ఒక సమాజానికి చిన్న విషయం కాదు.

కియాసు మనిషి బయటికి చూస్తే ఈగర్. అందరికన్నా ముందు లైనులో ఉంటాడు. బిడ్డను అన్ని ట్యూషన్లలోనూ చేరుస్తాడు. చోంగ్ పాంగ్ ఫుడ్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్లను ముందే పట్టేస్తాడు. లోపల మాత్రం కావాలన్న కోరిక కన్నా పోతుందేమోనన్న భయమే ఎక్కువ. అతనికి ట్యూషన్ మీద ఇష్టం ఉందా అని అడిగితే ఇబ్బందిగా చూస్తాడు. మానేస్తే ఏమవుతుందని అడిగితే వెంటనే జవాబు వస్తుంది. ఆ తేడా గమనించండి. ఈగర్ మనిషి చూపు రాబోయే దాని మీద ఉంటుంది. యాంక్షస్ మనిషి చూపు పోగొట్టుకోబోయే దాని మీద ఉంటుంది.

ఆరో తరగతి చివర జాతీయ పరీక్ష పీఎస్ఎల్ఈ ఉన్న ఇంట్లో ఇది బాగా కనిపిస్తుంది. 2021 నుంచి మార్కుల పద్ధతి మార్చారు. ఒక్కో సబ్జెక్టుకు 1 నుంచి 8 వరకు ఏదో ఒక స్థాయి ఇచ్చి, నాలుగింటినీ కూడతారు. మొత్తం 4 వస్తే అత్యుత్తమం, 32 అట్టడుగు. ఒక్కో మార్కు కోసం పక్కపిల్లతో పోటీ తగ్గించడం ఉద్దేశం. పద్ధతి మారినా ఇంట్లో మాట మారకపోతే పిల్లకు ఉపయోగం లేదు. 'పరీక్షకు రెడీయా?' అని ఆరోసారి అడుగుతున్న తల్లి గొంతులో ఉన్నది ఈగరో యాంక్షసో పిల్లకు తెలిసిపోతుంది. ఆ గొంతే తర్వాత పిల్ల గొంతు అవుతుంది.

గుండె దడదడలాడటం, చేతులు చల్లబడటం, నిద్ర పట్టకపోవడం రెండింటికీ ఉమ్మడే. పెళ్లికూతురికీ అదే దడ, కోర్టులో ముద్దాయికీ అదే దడ. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ఈ పోలిక మీదే ప్రయోగాలు చేసి 2014లో ప్రచురించారు. జనం ముందు పాడమనీ, మాట్లాడమనీ, లెక్కలు చేయమనీ మనుషులకు పని ఇచ్చారు. పాటకు ముందు కొందరిని 'నేను ఎక్సైటెడ్‌గా ఉన్నాను' అని పైకి అనమన్నారు, కొందరిని 'నేను యాంక్షస్‌గా ఉన్నాను' అనమన్నారు, కొందరిని ఏమీ అనమనలేదు. మొదటి వాళ్లు బాగా పాడారు, రెండో వాళ్లు అందరికన్నా తక్కువగా పాడారు. ప్రసంగానికి ముందు ప్రశాంతంగా ఉన్నానని చెప్పుకున్నవాళ్ల కన్నా కూడా ఉత్సాహంగా ఉన్నానని చెప్పుకున్నవాళ్లే నయమనిపించారు. దడను అణచడం కష్టం, దానికి పేరు మార్చడం తేలిక. శరీరం పరుగుకు సిద్ధమైంది, ఎటువైపు అన్నది మాట చెప్తుంది.

దీన్ని పట్టుకుని 'భయమనే మాటే అనకండి' అని చెప్పే పుస్తకాలు చాలా వస్తున్నాయి. వాటితో నేను ఏకీభవించను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో మరో సంగతి చూపించింది. భయం, కోపం నిండిన ముఖాల ఫొటోలు చూస్తున్నప్పుడు, ఆ భావానికి సరైన పేరు ఎంచుకున్నవాళ్ల మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగంలో అలజడి తగ్గింది. అంటే భయాన్ని భయమని పిలవడంలోనే కొంత ఊరట ఉంది.

ఒకరు పేరు మార్చమంటున్నారు, ఒకరు ఉన్న పేరే పెట్టమంటున్నారు. రెండింటికీ చోటు వేరని నా నమ్మకం. చేయాల్సిన పని ఇంకా మీ చేతిలో ఉందా? ఇంటర్వ్యూ, స్టేజీ, పరీక్ష హాలు, డ్రైవింగ్ టెస్టు? అప్పుడు ఆ దడకు ఉత్సాహమని పేరు పెట్టండి, పని బాగా వస్తుంది. ఫలితం మీ చేతిలో లేదా? అప్పుడు పేరు మార్చకండి. ఒక ఇంటి నుంచి ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఇక్కడి ఉద్యోగ అనుమతి) రెన్యూవల్‌కు దరఖాస్తు వెళ్లిపోయిందనుకోండి. 2024 సెప్టెంబరు నుంచి రెన్యూవల్‌కు కూడా పాయింట్ల లెక్క వచ్చింది, ఎక్కువమందికి 40 పాయింట్లు కావాలి. కాగితాలన్నీ పెట్టాక ఆ ఇంట్లో ఉండేది యాంగ్జైటీయే. భార్యాభర్తలిద్దరూ ఉత్సాహం నటిస్తే ఇద్దరూ ఒంటరివాళ్లవుతారు. 'నాకు బెంగగా ఉందండీ' అని ఒకరు ముందు అంటే రెండోవాళ్లకు ఊపిరి ఆడుతుంది. ఆసుపత్రిలో వార్డు బయట కూర్చున్న కొడుకు తనకు తాను 'నేను ఎక్సైటెడ్' అని చెప్పుకోవడం క్రూరత్వమే. అక్కడ యాంక్షస్ గౌరవమైన మాట, ప్రేమను దాచుకోని మాట.

పెద్దవాళ్లం ఇంగ్లీషులో ఈ తేడా నేర్చుకుంటాం. ఇక్కడ పెరిగే పిల్లలకు తెలుగులో ఈ తేడా ఎవరు నేర్పాలి? సింగపూర్ బళ్లలో మాతృభాషగా చైనీసు, మలయ్, తమిళం ఉన్నాయి. వాటికి తోడు బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది తమిళమో హిందీయో రాస్తారు. 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజం ఉగాది నాడు పిల్లల్ని ఒకచోట చేర్చగలదు గానీ, రాత్రి అన్నం దగ్గర పిల్ల మనసులో ఉన్నదానికి పేరు అందించాల్సింది ఇంట్లోవాళ్లే.

అందుకే ఆత్రం అనే పెద్ద గంపలోంచి చిన్న మాటల్ని విడిగా తీసి పిల్లల చేతికి ఇవ్వండి. తెలుగులో వాటికి కరువు లేదు. బెంగ, దిగులు, గాబరా, కంగారు, గుబులు ఒక వైపు. ఉబలాటం, ఉత్సాహం, హుషారు, సరదా మరో వైపు. తహతహ, తొందర రెండు వైపులా తిరుగుతాయి. పరీక్షకు ముందు రోజు 'ఎలా ఉంది?' అని అడిగితే 'ఓకే' అన్న జవాబు తప్ప ఇంకేం రాదు. 'బెంగగా ఉందా, ఉబలాటంగా ఉందా?' అని అడిగి చూడండి. పిల్లలు చాలాసార్లు 'రెండూ' అంటారు. అప్పుడు ఆగిపోకుండా, బెంగ దేని మీదో, ఉబలాటం దేని మీదో వేరువేరుగా అడగండి. బెంగ లెక్కల పేపరు మీద అయితే, ఉబలాటం పరీక్షలయ్యాక ఇండియా వెళ్లడం మీద కావచ్చు. బెంగ అసలు పరీక్ష మీద కాక, తక్కువ వస్తే నాన్న మొహం ఎలా ఉంటుందో అన్నదాని మీద కావచ్చు. అది బయటపడితే ఆ రాత్రి చేయాల్సిన పని రివిజన్ కాదు, నాన్న మాట్లాడటం.